హౌస్‌బోట్లలో జనరేటరు భద్రత

హౌస్‌బోటు జనరేటరు అంటే నీటిపై తేలే నివాసపు పడవలో ఎయిర్ కండిషనరు, ఫ్రిజ్, దీపాలు మొదలైన వాటికి విద్యుత్తునందించే యంత్రం. అమెరికా సంయుక్త రాష్ట్రాల సరస్సులలో విహారానికి వాడే హౌస్‌బోట్లలో ఇది ఎక్కువగా పెట్రోలుతో నడుస్తుంది. దీని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వలన పడవ గదులలో ఉన్నవారే కాక, పడవ వెనుక ఆరుబయట ఈదుతున్నవారు కూడా మరణించారు. విషవాయువు మూసిన గదిలోనే ప్రమాదకరమనీ, బయటి గాలిలో భయం లేదనీ ఉన్న నమ్మకం తప్పని 2000 సంవత్సరంలో పావెల్ సరస్సుపై జరిగిన పరిశోధన నిరూపించింది.

యంత్ర నిర్మాణం

ఒడ్డున కట్టి ఉన్నప్పుడు హౌస్‌బోటుకు తీరం నుండి తీగ ద్వారా విద్యుత్తు అందుతుంది. సరస్సు మధ్యకు పోయిన తరువాత ఆ సౌకర్యం ఉండదు కనుక జనరేటరు అవసరమవుతుంది. పడవను ముందుకు నడిపే ఇంజను వేరు, ఇది వేరు. పడవ లంగరు వేసుకొని కదలకుండా ఉన్నప్పుడు కూడా జనరేటరు గంటల తరబడి నడుస్తూ ఉంటుంది. జనం ఈతకు దిగేది కూడా సరిగ్గా ఆ సమయంలోనే.

జనరేటరును సాధారణంగా డెక్కు క్రింద, పడవ వెనుక భాగంలోని ఒక అరలో బిగిస్తారు. పంపు ద్వారా సరస్సు నీటిని లోనికి తీసుకొని ఇంజనును చల్లబరుస్తారు. ఆ నీటినే పొగగొట్టంలోనికి వదలి, పొగను చల్లార్చి, రెండింటినీ కలిపి నీటి మట్టానికి దగ్గరగా పడవ ప్రక్క నుండి గాని వెనుక నుండి గాని బయటకు పంపుతారు. ఈ ఏర్పాటు వలన పొగ వేడి, యంత్రపు చప్పుడు తగ్గుతాయి. అయితే కార్బన్ మోనాక్సైడ్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి విషం మాత్రం తగ్గదు. పొగ చల్లగా, పలుచగా కనబడటంతో అది ప్రమాదకరమన్న అనుమానం కూడా కలగదు.

కార్బన్ మోనాక్సైడ్ ప్రభావం

ఇంధనంలోని కర్బనం పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, రుచి, వాసన లేవు. దీని సాంద్రత ఇంచుమించు గాలి సాంద్రతతో సమానం. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. అందువలన రక్తం ఆక్సిజన్‌ను మోయలేక, మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి.

తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, నీరసం దీని తొలి లక్షణాలు. విహారంలో ఉన్నవారు వీటిని ఎండ దెబ్బ అనీ, పడవ కుదుపు అనీ, మద్యం మత్తు అనీ పొరబడుతుంటారు. గాలిలో విషం పాలు అధికంగా ఉంటే ఈ లక్షణాలేవీ కనబడకుండానే స్పృహ తప్పవచ్చును. గదిలో ఉన్న మనిషి పడిపోతే ఇతరులు చూసి రక్షించే అవకాశం ఉంది. నీటిలో ఉన్న మనిషి స్పృహ తప్పిన మరుక్షణమే మునిగిపోతాడు.

అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థను క్లుప్తంగా నియోష్ అంటారు. పనిచేసే చోట గాలిలోని పది లక్షల పాళ్ళలో కార్బన్ మోనాక్సైడ్ ఏ క్షణంలోనూ 200 పాళ్ళకు మించరాదని ఈ సంస్థ సూచించింది. 1,200 పాళ్ళు ఉంటే దానిని వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయిగా పరిగణిస్తుంది.

పావెల్ సరస్సు దుర్ఘటనలు

పావెల్ సరస్సు యూటా, ఆరిజోనా రాష్ట్రాలలో విస్తరించి ఉంది. కొలరాడో నదిపై కట్టిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనుక 1963లో నీరు నిలవడం మొదలై ఈ జలాశయం ఏర్పడింది. ఎర్రని కొండ చరియల నడుమ హౌస్‌బోటులో కొన్ని రోజులు గడపడం ఇక్కడి ముఖ్యమైన వినోదం.

2000 ఆగస్టులో ఈ సరస్సుపై ఇద్దరు బాలురు ప్రాణాలు కోల్పోయారు. వారు అన్నదమ్ములు. వారు ఈదుతూ హౌస్‌బోటు వెనుక వేదిక క్రింద ఉన్న ఖాళీ స్థలంలోనికి వెళ్ళారు. నడుస్తున్న జనరేటరు పొగ ఆ ఖాళీలోనికే వదలబడుతోంది. ఈ దుర్ఘటన తరువాత నియోష్, తీర రక్షక దళం, జాతీయ పార్కుల అధికారులు కలిసి పరిశోధన జరిపారు.

1990 నుండి 2000 వరకు ఈ ఒక్క సరస్సుపై 111 మందికి కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం కలిగినట్లు వారు గుర్తించారు. వారిలో 74 మంది హౌస్‌బోట్లకు సంబంధించినవారు. ఈ 74 మందిలో 64 మంది విషయంలో జనరేటరు పొగ ఒక్కటే కారణం. మొత్తం మీద 9 మంది మరణించారు. కొన్ని హౌస్‌బోట్ల వెనుక వేదిక క్రింద కొలతలు తీయగా పది లక్షల పాళ్ళలో కార్బన్ మోనాక్సైడ్ 6,000 నుండి 30,000 పాళ్ళ వరకు ఉన్నట్లు తేలింది. అనగా ప్రాణాపాయ స్థాయికి 5 నుండి 25 రెట్లు. ఈ వివరాలు 2000 డిసెంబరులో ప్రచురింపబడ్డాయి.

ఆ ఖాళీ స్థలం పిల్లలను ఆకర్షిస్తుంది. అది నీడగా, దాగుడుమూతలకు అనువుగా ఉంటుంది. పైకప్పులా వేదిక, చుట్టూ పడవ గోడలు ఉండటం వలన అది బయట ఉన్నట్లే కనబడుతూ, మూసిన గదిలా విషాన్ని పోగుచేస్తుంది. గాలి వీచనప్పుడు వేదిక పైన కూడా విషం పాలు అధికం కావచ్చును.

నిర్మాణంలో మార్పులు

పొగను వెనుక వేదిక క్రిందికి వదిలే హౌస్‌బోట్ల విషయంలో తీర రక్షక దళం జోక్యం చేసుకోగా, 2001లో తయారీదారులు వాటిని సరిదిద్దే కార్యక్రమం చేపట్టారు. నియోష్ ఇంజనీర్లు పొగగొట్టాన్ని నిలువుగా పైకి తీసుకువెళ్ళే పద్ధతిని పరీక్షించారు. ఇందులో పొగను నీటి నుండి వేరుచేసి, పై డెక్కు మీద నిలబడినవారి తల కంటే ఎత్తుగా ఉన్న గొట్టం ద్వారా గాలిలోనికి వదులుతారు. దీని వలన ఈత వేదిక వద్ద విషం పాలు బాగా తగ్గింది. ఆ దశాబ్దం మధ్య భాగంలో ఎలక్ట్రానిక్ ఇంధన నియంత్రణ, ఉత్ప్రేరకం గల జనరేటర్లు మార్కెట్టులోనికి వచ్చాయి. ఇవి కార్బన్ మోనాక్సైడ్‌ను చాలా తక్కువగా వెలువరిస్తాయి.

డీజిలు ఇంజను పెట్రోలు ఇంజను కంటే తక్కువ కార్బన్ మోనాక్సైడ్‌ను వెలువరిస్తుంది. అయినా దాని పొగ సురక్షితం కాదు.

ఈ మార్పులు ముఖ్యమైనవి. హెచ్చరిక పలకను పెద్దలు చదివినా, ఆటలో మునిగిన పిల్లలకు అది గుర్తుండదు. మనుషులు చేరే చోటు నుండి పొగనే తప్పించడం అన్నిటికంటే నమ్మకమైన రక్షణ.

పాటించవలసిన నియమాలు

* జనరేటరు నడుస్తున్నంతసేపు పడవ వెనుక ఎవరినీ ఈదనీయరాదు, ఈత వేదికపై కూర్చోనీయరాదు. ముందుగా యంత్రాన్ని ఆపి, పొగ చెదిరిపోయిన తరువాతనే నీటిలోనికి దిగాలి.
* యంత్రం ఆగిపోయి ఉన్నా వేదిక క్రింది ఖాళీలోనికి వెళ్ళరాదు. అక్కడ పాత పొగ నిలిచి ఉండవచ్చును.
* పడుకునే గదులన్నిటిలో పడవల కోసం తయారైన కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరాలను అమర్చాలి. అవి మ్రోగినప్పుడు తప్పుగా మ్రోగాయని భావించి ఆపివేయరాదు. గదిలోని పరికరం బయట ఈదేవారిని కాపాడలేదని కూడా గుర్తుంచుకోవాలి.
* రాత్రి అందరూ నిద్రించేటప్పుడు జనరేటరును ఆపడం మంచిది. సౌర ఫలకాలు, పెద్ద బ్యాటరీలు ఉన్న పడవలలో ఇది సులభం.
* జనరేటరు గాని ఇంజను గాని నడుస్తున్న మరొక పడవకు కనీసం 20 అడుగుల (సుమారు 6 మీటర్లు) దూరంలో లంగరు వేయాలి. ప్రక్క పడవ పొగ కూడా కిటికీల గుండా లోనికి రాగలదు.
* పొగగొట్టం నుండి నీరు పొగతో కలిసి వస్తున్నదీ లేనిదీ యంత్రాన్ని ప్రారంభించిన వెంటనే చూడాలి. నీరు ఆగిపోతే రబ్బరు గొట్టం వేడికి కాలి, పొగ పడవ లోపలికి వ్యాపిస్తుంది.
* ఇళ్ళలో వాడే, చేతితో మోయగల జనరేటర్లను పడవపై నడపరాదు. నిప్పురవ్వల నుండి రక్షణ గాని, పొగను దూరంగా పంపే ఏర్పాటు గాని వాటికి ఉండదు.

పడవ కదులుతున్నప్పుడు మరొక విషయం గమనించాలి. పడవ ముందుకు పోతుంటే దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గి, పొగ వెనుక తలుపుల గుండా లోనికి లాగబడుతుంది. ముందు వైపు కిటికీలు తెరచి ఉంచితే గాలి ముందు నుండి వెనుకకు పారి ఈ ప్రమాదం తగ్గుతుంది.

ఇతర ప్రమాదాలు

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పడవ అడుగున చేరి, చిన్న నిప్పురవ్వకు కూడా ప్రేలుతుంది. అందువలన పెట్రోలు ఇంజనును ప్రారంభించే ముందు గాలిని బయటకు పంపే పంకాను కనీసం 4 నిమిషాలు నడిపి, ఇంజను అరలో పెట్రోలు వాసన లేదని నిర్ధారించుకోవాలి. వాసన వస్తే ఏ విద్యుత్ మీటనూ తాకకుండా అందరినీ పడవ నుండి దింపాలి.

తీరపు విద్యుత్తును, జనరేటరు విద్యుత్తును ఏకకాలంలో కలపరాదు. రెండింటిలో ఒకటి మాత్రమే పనిచేసేటట్లు మార్పిడి మీటను అమర్చాలి. తీగల లోపం వలన విద్యుత్తు నీటిలోనికి కారితే ఈతగాళ్ళ కండరాలు బిగుసుకొని మునిగిపోతారు. మంచినీటి కంటే మానవ శరీరం గుండా విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది కనుక ఈ అపాయం సముద్రంలో కంటే సరస్సులలో ఎక్కువ.

ప్రథమ చికిత్స

విషప్రభావం కలిగిందని అనుమానం రాగానే జనరేటరును, ఇంజనును ఆపి, బాధితుని స్వచ్ఛమైన గాలిలోనికి తరలించి అత్యవసర సహాయాన్ని పిలవాలి. శ్వాస ఆగితే కృత్రిమ శ్వాస, గుండె మర్దన చేయాలి. యంత్రాన్ని ఆపకుండా వేదిక క్రిందికి వెళ్ళినవారు తామే బాధితులు కాగలరు. ఒకరికి లక్షణాలు కనబడితే పడవలోని మిగిలిన వారందరినీ పరీక్షించాలి.

మామూలు గాలి పీల్చినప్పుడు రక్తంలోని విషం సగానికి తగ్గడానికి 4 నుండి 5 గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ అందిస్తే ఇది సుమారు గంట నుండి గంటన్నరకు తగ్గుతుంది. వ్రేలికి తగిలించే సాధారణ ఆక్సిమీటరు విషం పట్టిన హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్‌గా భ్రమింపజేస్తుంది. కాబట్టి ఆ అంకెను నమ్మక రక్తపరీక్ష చేయించాలి. పడవల వద్ద మునిగి మరణించినవారికి కూడా ఈ పరీక్ష అవసరం. అది చేయని పక్షంలో విషవాయువు వలన కలిగిన మరణం కేవలం నీట మునిగిన మరణంగా నమోదవుతుంది; అదే పడవపై తరువాత వచ్చేవారికి హెచ్చరిక అందదు.