లోహ ఆక్సైడ్ నానో కణాల స్థిరత్వం – డోపెంట్ల పాత్ర

లోహ ఆక్సైడ్ స్ఫటికంలోకి స్వల్ప మోతాదులో చేర్చే ఇతర మూలకాన్ని డోపెంట్ అంటారు. నానో కణాల్లో ఉపరితలం వాటా ఎక్కువ కాబట్టి ఉపరితల శక్తీ ఎక్కువే. అందువల్ల వేడికి అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, స్ఫటిక రూపం మార్చుకుంటాయి, కొన్ని ద్రవాల్లో కరుగుతాయి. ఈ మూడు మార్పులనూ డోపెంట్ ప్రభావితం చేస్తుంది.

స్ఫటిక రూపం: శుద్ధ జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) గది ఉష్ణోగ్రత వద్ద మోనోక్లినిక్ రూపంలోనూ, సుమారు 1170 డిగ్రీల సెల్సియస్ పైన టెట్రాగోనల్ రూపంలోనూ, సుమారు 2370 డిగ్రీల పైన క్యూబిక్ రూపంలోనూ ఉంటుంది. చల్లారేటప్పుడు మోనోక్లినిక్‌గా మారితే ఘనపరిమాణం 4–5 శాతం పెరిగి పదార్థం పగులుతుంది. కణం పరిమాణం సుమారు 30 నానోమీటర్ల లోపు ఉంటే డోపెంట్ లేకపోయినా టెట్రాగోనల్ రూపం నిలుస్తుందని పరిశోధకుడు గార్వీ 1965లో వివరించాడు. అంతకంటే పెద్ద కణాల్లో ఆ పని డోపెంట్‌గా చేర్చిన యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) చేస్తుంది. నాలుగు ధనావేశాల జిర్కోనియం స్థానంలో మూడు ధనావేశాల యిట్రియం చేరడంతో, ప్రతి రెండు యిట్రియం అయాన్లకు ఒక ఆక్సిజన్ ఖాళీ ఏర్పడుతుంది. సుమారు 3 మోల్ శాతం యిట్రియాతో టెట్రాగోనల్, 8 మోల్ శాతంతో క్యూబిక్ రూపం గది ఉష్ణోగ్రతలోనూ నిలుస్తాయి.

కణ వృద్ధి: స్ఫటిక జాలకంలో ఇమడని పెద్ద డోపెంట్ అయాన్లు ఉపరితలానికీ, రేణువుల మధ్య సరిహద్దులకూ చేరి, అక్కడి శక్తిని తగ్గించి వృద్ధిని నెమ్మదింపజేస్తాయి.

మూలకాన్ని బట్టి ఫలితం: టైటానియాలో (టైటానియం ఆక్సైడ్) అనటేజ్ అనే స్ఫటిక రూపం రూటైల్ రూపంగా మారడాన్ని సిలికాన్ ఆలస్యం చేస్తే, రాగి త్వరపరుస్తుంది. జింక్ ఆక్సైడ్‌లో ఇనుము చేరిస్తే నీటిలోకి జింక్ అయాన్ల విడుదల తగ్గుతుంది. డోపెంట్ మోతాదు స్ఫటికంలో దాని ద్రావణీయత పరిమితిని మించితే అది వేరే ప్రావస్థగా విడిపోతుంది.