ఆకలికి కొలబద్ద

1918 నవంబరు 11వ తేదీన మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది. ఫిరంగులు మూగబోయినవి గాని మధ్య యూరపులో పసిపిల్లల చావులు ఆగలేదు. యుద్ధకాలంలో శత్రుదేశాల రేవులకు విధించిన నౌకా దిగ్బంధాన్ని మిత్రరాజ్యాలు వెంటనే ఎత్తివేయలేదు. జర్మనీ మీద అది 1919 జులై వరకూ సాగింది. ఆస్ట్రియా స్థితి మరింత విచిత్రమైనది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ముక్కచెక్కలు కాగా, సుమారు 20 లక్షల జనాభాగల వియన్నా నగరం ఒక చిన్న దేశానికి పెద్ద తలకాయవలె మిగిలిపోయింది. దానికి ధాన్యం పంపే హంగరీ, బొగ్గు పంపే బొహీమియా పరాయి దేశాలైనాయి. పాలు లేవు, వెన్న లేదు, చలికాలంలో పొయ్యిలోకి బొగ్గు లేదు.

1919 ఏప్రిల్ నెలలో ఎగ్లంటైన్ జెబ్ అనే ఆంగ్ల మహిళ లండన్ ట్రఫాల్గర్ చౌకులో ఒక కరపత్రం పంచింది. తల పెద్దదై, కాలుసేతులు పుల్లలై ఉన్న ఒక ఆస్ట్రియా బిడ్డ ఛాయాచిత్రం అందులో ఉంది. సెన్సారు అనుమతి లేకుండా పంచినందుకు ఆమెను అరెస్టు చేశారు. మే నెలలో న్యాయస్థానం 5 పౌన్ల జుల్మానా విధించింది. విచిత్రమేమంటే, ఆమెకు శిక్ష పడాలని వాదించిన ప్రభుత్వ పక్ష న్యాయవాది బాడ్కిన్, తీర్పు అయిన తరువాత తానే 5 పౌన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అదే నెల 19వ తేదీన ఆల్బర్ట్ హాలులో జరిగిన సభలో, జెబ్, ఆమె సోదరి డొరతీ బక్స్‌టన్ కలిసి ‘సేవ్ ది చిల్డ్రన్ ఫండ్’ అనే నిధిని నెలకొల్పారు. నిన్నటి శత్రువు బిడ్డకు పాలు పట్టడం దేశద్రోహం కాదని సాటి పౌరులను ఒప్పించడమే వారికి మొదటి పని అయింది.

సహాయం రావడం మొదలైంది. హెర్బర్ట్ హూవర్ నాయకత్వంలోని అమెరికన్ సహాయసంస్థ 1919లోనే వియన్నాలో పిల్లలకు భోజనశాలలు తెరిచింది. కాని వచ్చిన పిండీ, పాలపొడీ అందరికీ చాలవు. ఎవరికి పెట్టాలి, ఎవరిని వెనుకకు పంపాలి? వయస్సునుబట్టి చూద్దామంటే ఆకలితో గిడసబారిన బిడ్డ చిన్నవాడుగానే కనబడతాడు. బరువు ఒక్కటే చూద్దామంటే పొడుగువాడూ పొట్టివాడూ ఒకటి కారు. వైద్యుని కంటిచూపుకు వదిలితే ఒక్కొక్క వైద్యునిది ఒక్కొక్క తీర్పు.

ఈ చిక్కును విప్పే బాధ్యత క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే వైద్యునిపై పడింది. ‘ఎలర్జీ’ అనే మాటను 1906లో పుట్టించినవాడు ఈయనే. వియన్నా విశ్వవిద్యాలయ శిశు వైద్యశాలకు అధిపతి. ఆయన గమనించిన సంగతి ఇది: ఆరోగ్యవంతుడైన పెద్దవాని ‘కూర్చున్న ఎత్తు’ను, అనగా పీఠం నుండి నడినెత్తి దాకా గల ఎత్తును, సెంటీమీటర్లలో కొలిచి ఘనం చేస్తే, వచ్చే సంఖ్య అతని బరువు గ్రాములకు దాదాపు పదింతలు ఉంటుంది. కాబట్టి బరువును పదింతలు చేసి, ఘనమూలం తీసి, కూర్చున్న ఎత్తుతో భాగించి, నూరుతో గుణిస్తే ఒక సూచిక వస్తుంది. దానికి ‘పెలిడిసి’ అని పేరు పెట్టాడు. పెద్దలలో అది 100కు దగ్గరగా ఉంటుంది. పిల్లలలో 94 కంటె తగ్గితే పోషణ చాలడం లేదని నిర్ణయం. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు: కూర్చున్న ఎత్తు 66 సెంటీమీటర్లు, బరువు 25 కిలోలు అయితే సూచిక 95 వస్తుంది. అదే బిడ్డ 20 కిలోలకు దిగితే 89. మొదటి బిడ్డ ఇంటికి, రెండవ బిడ్డ భోజనశాలకు.

పిర్కే అంతటితో ఊరుకోలేదు. రక్తపుష్టి, కొవ్వు, చర్మపు బిగువు, కండరాలు, ఈ నాలుగింటినీ ‘సాక్రటామా’ అనే ఒకే మాటలో ఇమిడ్చాడు. అచ్చులు మార్చి పలికితే బిడ్డ స్థితి తెలుస్తుంది! ఆహారానికి కూడా కొలమానం కల్పించాడు. ఒక గ్రాము పాలు ఇచ్చే శక్తి ఒక ‘నెమ్’. ఒక గ్రాము చక్కెర 6 నెములు. తరువాతి పరిశీలనలలో పెలిడిసి అంత నమ్మదగినది కాదని తేలి వాడుక తప్పింది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సిఫారసును కాక శరీరాన్ని అడిగి అన్నం పెట్టే పద్ధతిని ఒక మహానగరమంతటా అమలు జరిపినవాడు ఆయన.

నెములు చాలినంత మాత్రాన బిడ్డ బాగుపడతాడా? ఈ ప్రశ్నతోనే 1919 చివరలో హారియెట్ చిక్ అనే శాస్త్రజ్ఞురాలు లండన్ లిస్టర్ సంస్థ నుండి వియన్నాకు వచ్చింది. ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వచ్చే రికెట్సు వ్యాధి అక్కడి శిశువులలో విపరీతంగా ఉంది. అది అంటువ్యాధి అయి ఉండవచ్చునని పిర్కే అభిప్రాయం. ఆహారంలో ఏదో లోపమని చిక్ అనుమానం. అభిప్రాయం వేరైనా పిర్కే తన వైద్యశాలలోని పడకలను ఆమెకు అప్పగించాడు. ప్రతిపక్షానికి ఇంత చోటు ఇచ్చే పెద్దలు శాస్త్రలోకంలో సైతం తరచు కనబడరు.

చిక్, ఆమె సహచరులు శిశువులను రెండు జట్లుగా పెంచారు. ఒక జట్టుకు పిర్కే పద్ధతి ఆహారం. మరొక జట్టు ఆహారంలో కాడ్ చేప కాలేయపు నూనె. శీతకాలం గడిచేసరికి నూనె లేని జట్టులో సగానికి పైగా పిల్లలలో రికెట్సు లక్షణాలు కనిపించాయి. నూనె తాగినవారిలో ఎవరికీ రాలేదు. ఎండకాలంలో మాత్రం ఏ జట్టులోనూ కొత్తగా వ్యాధి పుట్టలేదు! పాదరస దీపం నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలతో రికెట్సు నయమవుతుందని బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ 1919లో చూపి ఉన్నాడు. ఎండా, చేపనూనే ఒకే పని చేస్తున్నాయన్నమాట. ఆ పని చేసేది విటమిను ‘డి’ అని తరువాత స్పష్టపడింది. ఆకలిగొన్న పసికందుల మీద ఇటువంటి పరీక్ష చేయవచ్చునా అని నేటి పాఠకునికి తోచడం న్యాయమే. నేటి నియమాలు దానిని సులభంగా అనుమతించవు. నూనె పనిచేస్తుందో లేదో నాడు నిశ్చయంగా ఎవరికీ తెలియదనీ, వ్యాధి కనబడిన బిడ్డలకు చికిత్స జరిగిందనీ కూడా చెప్పాలి. 1923లో ఆ నివేదిక అచ్చయింది.

ఆ ఏడే జెబ్ మరొక పత్రం రాసింది. విరాళం ఇచ్చేవారి మనసు మారితే బిడ్డ గిన్నె ఖాళీ అవుతుందని ఆమెకు అనుభవంవల్ల తెలిసింది. కాబట్టి దయ స్థానంలో హక్కును నిలపదలచింది. ఆపత్కాలంలో సహాయం మొదట బిడ్డకే అందాలనీ, జాతి, దేశం, మతం అడగరాదనీ చెప్పే అయిదంశాల ప్రకటనను నానాజాతి సమితి 1924 సెప్టెంబరు 26న జెనీవాలో ఆమోదించింది. దానికి చట్టబలం లేదు. చట్టబలం గల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి ఆమోదించేసరికి 1989 నవంబరు 20 వచ్చింది. యుద్ధంలో చిక్కిన పిల్లల రక్షణ అందులో 38వ అధికరణం. భారతదేశం 1992లో చేరింది.

కొలబద్ద కథ కూడా సాగింది. 1967-70 నైజీరియా అంతర్యుద్ధంలో క్వేకరు సేవాదళం త్రాసులు లేకుండా పనిచేసే ఒక కర్రను వాడింది. బిడ్డ దండచేతి చుట్టుకొలత తీసి, ఆ కొలతకు కర్రమీద గుర్తించిన ఎత్తు దగ్గర నిలబెడతారు. బిడ్డ గుర్తుకంటె పొడుగైతే పోషణ చాలలేదని అర్థం. పిమ్మట కర్ర కూడా పోయి, రంగుల పట్టీ ఒక్కటే మిగిలింది. ఏడాది నుండి అయిదేళ్ల మధ్య దండచేతి చుట్టుకొలత పెద్దగా మారదు. కనుక పుట్టిన తేదీ తెలియని శరణార్థి శిబిరంలో ఇది అక్కరకు వస్తుంది. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, తీవ్ర ప్రమాదం. 12.5 వరకు పసుపు. ఆ పైన ఆకుపచ్చ. ఎరుపులోని బిడ్డకు ఇచ్చేది వేరుశనగ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, లవణాలు కలిపిన పొట్లం. నీళ్లు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. వేరుశనగ ఉండలు తిని పెరిగిన రాయలసీమవారికి దాని రుచి కొత్తగా తోచదు.

2024 ఆగస్టులో సూడాను దేశపు జంజం శిబిరంలోనూ, 2025 ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలోనూ కరువు ఉన్నదని నిపుణులు ప్రకటించారు. రెండవ ప్రకటనకు ముఖ్యమైన ఆధారాలలో ఈ పట్టీ కొలతలు ఒకటి. అదే సంవత్సరం ఇటువంటి పొట్లాలను పెద్ద ఎత్తున కొనే అమెరికా ప్రభుత్వ సహాయసంస్థ యు.ఎస్.ఎయిడ్ జులై 1న మూతపడింది. సరుకు తగ్గినప్పుడు చికిత్సా కేంద్రాలు చేయగలిగినది సామాన్యంగా ఒకటే: ఎరుపు వచ్చిన పిల్లలకే పొట్లాలు ఇచ్చి, పసుపులోనివారిని తల్లులతో తిప్పి పంపడం. ఎరుపులోని బిడ్డ కోలుకోవడానికి సుమారు 6 నుండి 8 వారాల చికిత్స కావాలి. తిప్పి పంపిన బిడ్డ పట్టీకి, ఎరుపు గీతకూ మధ్య దూరం ఎక్కువలో ఎక్కువ ఒక సెంటీమీటరు.