ఆవాహన, నిరీక్షణ, పోరు: కాల్పనిక క్రీడలలో జీవిపోరాట నియమాల పరిణామం

వ్యాససంగ్రహం:
మాయాజీవులను పిలిచి పోరాడించే ఆటలలో ప్రతి పిలుపుకూ ఒక మూల్యం ఉంటుంది. 1974 నాటి డన్జన్స్ అండ్ డ్రాగన్స్, 1993 నాటి మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆ మూల్యాన్ని ఎలా నిర్ణయించాయో, మ్యాజిక్‌లో 1999, 2009, 2024 సంవత్సరాల సవరణలు పోరాట స్వరూపాన్ని ఎలా మార్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆవాహన, మాయాజీవి, పోరాట నియమం, నిరీక్షణ, కార్డు ఆట.

1. ప్రవేశిక:

పూజావిధిలో ఆవాహన ఉన్నచోట ఉద్వాసన కూడా ఉంటుంది. పిలిచినవారే సాదరంగా సాగనంపాలి. పిలుపు బాధ్యతతో కూడినదన్న ఈ భావనకు దగ్గరైన ఆలోచన, వేరే నేలపై పుట్టిన ఆధునిక కాల్పనిక క్రీడల నియమాలలోనూ కనిపిస్తుంది. ఈ ఆటలలో ఆటగాడు మాంత్రికుని పాత్ర వహిస్తాడు. అతడు పిలిచిన జీవి అతని పక్షాన పోరాడుతుంది. ఖర్చు, జాప్యం లేకుండా ఎంతటి జీవినైనా పిలవగలిగితే ముందు పిలిచినవాడిదే గెలుపు. ఇక ఆటకు అర్థమే ఉండదు. కనుక పిలుపుకు మూల్యమేమిటి, పిలిచిన జీవి ఎవరితో తలపడాలో నిర్ణయించేదెవరు అన్న రెండు ప్రశ్నలకు ఇటువంటి ప్రతి ఆటా సమాధానం చెప్పవలసి ఉంటుంది.

2. ఏకాగ్రతే మూల్యం:

1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ వెలువరించిన చైన్‌మెయిల్, మధ్యయుగ సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ. దానికి చేర్చిన కాల్పనిక అనుబంధం ద్వారా మాంత్రికులు, డ్రాగన్లు ఆ యుద్ధరంగంలోకి ప్రవేశించాయి. ఆ పునాదిపై గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించారు. గాలి, నీరు, నిప్పు, మట్టి శక్తులను పిలిచే మంత్రానికి ఈ ఆట ఒక కఠినమైన షరతు పెట్టింది. పిలిచినవాడు ఆ శక్తిపై మనసు నిలిపి ఉంచాలి. ఏకాగ్రత చెదిరితే అది పిలిచినవాడి మీదకే తిరగబడుతుంది.

ఇక్కడ పిలుపుకు మూల్యం ప్రాణాపాయమే. అయితే ఏకాగ్రత ఎప్పుడు చెదిరిందో తేల్చడానికి మధ్యవర్తి కావాలి. ఈ ఆటలో నిర్వాహకుడు ఉంటాడు గనుక ఆ షరతు అమలు సాధ్యమైంది.

3. నిరీక్షణే మూల్యం:

మధ్యవర్తి లేకుండా ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటకు ఈ పద్ధతి కుదరదు. గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ అటువంటి ఆట. ఇందులో ఇద్దరికీ చెరి 20 ప్రాణాంకాలు ఉంటాయి. భూమి కార్డుల నుండి వచ్చే మానా అనే శక్తిని వెచ్చించి జీవులను పిలవాలి. గ్రిజ్లీ బేర్స్ అనే ఎలుగుబంటి కార్డుకు రెండు మానాలు చాలు. దాని బలం 2, ఓర్పు 2.

మానాతో పాటు కాలాన్ని కూడా మూల్యంగా చెల్లించాలి. పిలిచిన వంతులోనే జీవి దాడికి వెళ్లరాదు. ఆటగాళ్లు దీనిని ‘సమ్మనింగ్ సిక్‌నెస్’ అంటారు. ‘ఆవాహన బడలిక’ అనుకోవచ్చు. బడలికలో ఉన్నా ఆ జీవి ప్రత్యర్థి దాడిని అడ్డుకోగలదు. కాబట్టి ఈ నియమం దాడిని ఆపుతుంది గానీ, అడ్డుకోవడాన్ని ఆపదు. రాబోయే దెబ్బను ముందే చూసి సిద్ధపడేందుకు ప్రత్యర్థికి ఒక వంతు గడువు లభిస్తుంది.

దాడికి వెళ్లే జీవి కార్డును అడ్డంగా తిప్పాలి. తిరిగి తన వంతు వచ్చేదాకా అది ఎవరినీ అడ్డుకోలేదు. సెర్రా ఏంజెల్ వంటి కొన్ని జీవులకే దీని నుండి మినహాయింపు ఉంది. ఏ జీవులను దాడికి పంపాలో దాడి చేసేవాడు నిర్ణయిస్తాడు. ఏ జీవి దేనిని అడ్డుకోవాలో రక్షకుడు నిర్ణయిస్తాడు. ఎవరూ అడ్డుకోకపోతే దెబ్బ ప్రాణాంకాలపై పడుతుంది.

తరువాతి ఆటలతో పోల్చినప్పుడు ఈ ఏర్పాటు విశిష్టత తెలుస్తుంది. జపాన్‌కు చెందిన యూ-గి-ఓ కార్డు ఆటలో పిలిచిన వంతులోనే దాడి చేయవచ్చు. అయితే సాధారణ ఆవాహన వంతుకు ఒక్కటే. పెద్దస్థాయి జీవిని అలా పిలవాలంటే రంగంలో ఉన్న జీవులను బలి ఇవ్వాలి. 2014లో వచ్చిన హార్త్‌స్టోన్ నిరీక్షణను నిలుపుకుంది గానీ, ఎవరిని కొట్టాలో నిర్ణయించే హక్కును దాడి చేసేవాడికే ఇచ్చింది.

4. దెబ్బ పడే క్షణం:

1999లో వచ్చిన ఆరవ కూర్పు మ్యాజిక్ నియమాలను సమూలంగా సవరించింది. అంతవరకు జీవి కార్డులపై ఉన్న ‘సమ్మన్’ అనే పదం తొలగి, ‘క్రీచర్’ అనే పదం చేరింది. చర్యలను ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చి, చివరిదాన్ని ముందు ఫలింపజేసే పద్ధతి అప్పుడే వచ్చింది. పోరులోని దెబ్బ కూడా ఆ దొంతరలో చేరేది.

దీనివల్ల ఒక వింత ఏర్పడింది. మాగ్ ఫనాటిక్ బలం 1, ఓర్పు 1 గల చిన్న జీవి. దానిని బలి ఇస్తే ఎదుటి జీవికి 1 దెబ్బ తగులుతుంది. దాని పోరుదెబ్బ దొంతరలో చేరిన తరువాత ఆటగాడు దానిని బలి ఇచ్చేవాడు. బలి దెబ్బ ఒకటి, చనిపోయాక ఫలించే పోరుదెబ్బ మరొకటి కలిసి ఎలుగుబంటిని కూల్చేవి. 2009 నాటి మ్యాజిక్ 2010 సవరణ పోరుదెబ్బను దొంతర నుండి తొలగించింది. నాటినుండి దెబ్బ పడే క్షణంలో రంగంలో ఉన్న జీవే కొట్టగలదు. బలియా, పోరా అన్నది ఆటగాడు ఎంచుకోవాలి.

అదే సవరణ మరో నియమం తెచ్చింది. ఒక దాడిజీవిని పలు జీవులు అడ్డుకుంటే, వాటిని ఏ వరుసలో కొట్టేదీ దాడి చేసేవాడు ముందే ప్రకటించాలి. ఆ వరుసను చూసి రక్షకుడు తన జీవిని కాపాడుకునే ప్రయత్నం చేయగలిగేవాడు. 2024లో ఫౌండేషన్స్ సంపుటితో ఈ వరుస రద్దయింది. ఇప్పుడు దెబ్బ పడే సమయంలోనే దానిని ఇష్టానుసారం పంచవచ్చు. ఆట సులభమైంది, రక్షకుడికి అందే ఒక ముందస్తు సూచన పోయింది.

5. ముగింపు:

డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో పిలుపు ప్రమాదం పిలిచినవాడిదే. మ్యాజిక్ దాని స్థానంలో ప్రత్యర్థికి గడువును ఉంచింది. తరువాతి సవరణలన్నీ ఆటను సరళం చేయడానికే వచ్చినట్లు కనిపించినా, ఎదుటివాడికి ఎంత ముందుగా తెలియాలి అన్న ప్రశ్నను ప్రతిసారీ కొత్తగా తేల్చాయి. ‘సమ్మన్’ అనే పదం 1999లోనే తొలగింది. హేస్ట్ వంటి మినహాయింపులు కొన్ని జీవులకు ఉన్నా, ఆవాహన బడలిక మాత్రం నేటికీ నియమంగా నిలిచే ఉంది. రెండువైపులా ఆలోచించే అవకాశం ఉన్నంతవరకే అది ఆట అన్న గుర్తింపు ఆ ఒక్క వంతు నిరీక్షణలో ఉంది.