అండమానులో క్షేమమును కొలచిన కథ

పనిచేయువాని క్షేమమును కొలచుట నేటి కార్యాలయముల వింత యని పలువురు భావింతురు. 2024లో శ్రీవిజయపురముగా పేరు మారిన పోర్టుబ్లెయిరులో అట్టి కొలత ఏనాడో జరిగినది. దాని ఫలితము మాత్రము విపరీతము.

1858 మార్చిలో డాక్టర్ వాకర్ సుమారు 200 మంది ఖైదీలతో ఇచ్చట దిగెను. అడవి నరకుట వారి పని. నాటి లెక్కలన్నియు చచ్చినవారెందరు, పారిపోయినవారెందరు అనువానితోనే సరిపోయెను. క్రమముగా జ్వరములు తగ్గెను. సత్ప్రవర్తనతో కొన్నేండ్లు గడపినవారికి సొంత సేద్యమును, సంసారమును లభించెను.

1890లో లయల్, లెత్‌బ్రిడ్జి అను ఇరువురు అధికారులు ఈ స్థితిని పరీక్షించిరి. ద్వీపాంతరవాస మనిన ఖైదీలకు భయము పోయినదనియు, ఇండియా జైళ్ళకంటె దీనినే మేలుగా నెంచుచున్నారనియు తేల్చిరి. మనుష్యులు కొంత సుఖముగా నుండుటయే పాలనాలోపమైనది! ప్రవాసమునకు ముందు కఠిన నిర్బంధకాల ముండవలెనని వారు సూచించిరి. ఆ సూచన ఫలమే 1896లో మొదలై 1906లో ముగిసిన సెల్యులార్ జైలు. ఏడు బారులు, దాదాపు 700 ఒంటరి గదులు. గానుగకు కట్టబడినవాడు దినమునకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయవలెనని ఖైదీల స్మృతులు చెప్పుచున్నవి. తెలుగు మన్యము పితూరీలలో శిక్షపడినవారును ఈ ద్వీపములకు వచ్చిరి.

1933లో రాజకీయ ఖైదీలు తమ క్షేమమునకు తామే కొలత చెప్పిరి: తినదగిన తిండి, గదిలో దీపము, సబ్బు, పుస్తకములు. నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మోయిత్ర మరణించిరి. పిదప ఆ కోరికలలో పెక్కింటిని ప్రభుత్వ మంగీకరించెను. చిన్న కోరికలకు పెద్ద వెల.

స్వతంత్ర భారతములో ఈ కొలత జైలు విడిచి జీతగాని యింటికి వచ్చినది. 1957లో పదునైదవ భారత కార్మిక సమావేశము, కుటుంబమును మూడు పాళ్ళుగా నెంచి, పాలొక్కింటికి దినమునకు 2,700 కేలరీల ఆహారమును, నలుగురికి ఏడాదికి 72 గజముల బట్టయు కనీస వేతనమునకు ఆధారమని నిర్ణయించెను. జస్టిస్ జగన్నాథదాసు అధ్యక్షతన రెండవ వేతన సంఘము 1959లో ఆ ప్రమాణమును ఖజానా భరింపజాలదని తలచి 80 రూపాయలతో సరిపెట్టెను. 2016 జనవరినుండి వర్తించిన ఏడవ వేతన సంఘము మరల ఆ కొలతలనే ముందుంచుకొని, కేంద్రోద్యోగి కనీస వేతనమును 18,000 రూపాయలుగా గుణించెను.