150 మందిని కాపాడిన చింతచెట్టు అసలు మనదేనా?

ఈ రోజు ఎపిసోడ్ మా ఓల్డ్ సిటీ నుంచి నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్‌లో మొదలవుతుంది. అక్కడ ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. చాలామంది దాని పక్క నుంచే వెళ్తారు, తల ఎత్తి చూడరు.

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని లెక్క. అఫ్జల్ బ్రిడ్జి, ముసల్లం జంగ్ బ్రిడ్జి, చాదర్‌ఘాట్ బ్రిడ్జి దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఆ రోజు ఈ చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

సరే, మొక్కల వీడియోలో వరద కథ ఎందుకు అంటారా? చెప్తా.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు షాలిబండలో మా డాబా మీదకి ఆన్‌లైన్‌లో బోలెడు ఫారిన్ మొక్కలు తెప్పించా. ఒక్క ఏప్రిల్ ఎండకి సగానికి పైగా మాడిపోయాయి. అప్పుడు డిసైడ్ అయ్యా, ఇక నుంచి మన నేల మొక్కలే అని. బీటెక్ బుద్ధి కదా, వెంటనే ఎక్సెల్ షీట్ ఓపెన్ చేసి లిస్ట్ రాశా. మొదటి పేరు చింత. పులిహోర, పప్పుచారు, చింతచిగురు... ఇంతకంటే మనది ఏముంటుంది?

చదివితే షాక్. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా! వేల ఏళ్ల కిందటే మన దగ్గరికి వచ్చింది. ఎంతగా కలిసిపోయిందంటే, అరబ్బులు దీన్ని 'తమర్ హింది' అన్నారు, అంటే హిందుస్థాన్ ఖర్జూరం అని. 1753లో లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలో కూడా 'ఇండికా' ఉంది.

ఇక లిస్ట్ మొత్తం కదిలిపోయింది. మిరప, జామ అమెరికా ఖండాలవి, పోర్చుగీసు వాళ్ల ఓడల కాలంలో ఇక్కడికి చేరాయి. అంటే 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగేనాటికి మన దగ్గర పండుమిరప పచ్చడే లేదు, కారానికి మిరియాలే దిక్కు. ఎండాకాలం ఎర్రగా పూసే గుల్‌మొహర్‌ది మడగాస్కర్. గోడల మీద పాకే కాగితంపూల చెట్టుది దక్షిణ అమెరికా.

మరి నిజంగా ఇక్కడివి ఏవి? వేప, కరివేపాకు, తంగేడు. తంగేడు బతుకమ్మలో పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. దాని బెరడుతో ఒకప్పుడు తోళ్లు ఊనేవాళ్లు.

ఇక్కడే మా ఇంట్లో గొడవ మొదలైంది. పోయిన వానాకాలం కరివేపాకు మొక్క మీద పక్షి రెట్టల్లా కనిపించే చిన్న పురుగులు వచ్చాయి. కొన్నాళ్లకి పచ్చగా మారి, ఆకులన్నీ నమిలేస్తున్నాయి. అమ్మ అంది, "ముందు మందు కొట్టు, లేకపోతే కుండీ తీసి బయట పడేయ్. తాలింపులోకి రెబ్బ కూడా మిగల్లేదు." నిజం చెప్పాలంటే స్ప్రే బాటిల్ చేతిలో పట్టుకున్నా. కొట్టేముందు ఒక్కసారి ఫోన్‌లో వెతికా. అవి కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక పిల్లలు. అది గుడ్లు పెట్టేది కరివేపాకు, నిమ్మ జాతి మొక్కల మీదే. నా కాగితంపూల కొమ్మ ఇస్తే వాటికి తిండి కాదు.

అప్పుడు నాకు అర్థమైంది. నేటివ్ మొక్క అంటే పాస్‌పోర్ట్ చూసి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఈ ఊరి ఎండని తట్టుకుంటుందా, ఈ ఊరి ప్రాణులకి తిండి పెడుతుందా, అది చూడాలి. చింత వేల ఏళ్లు ఇక్కడ బతికి ఆ బంధుత్వం సంపాదించుకుంది. మొన్న వచ్చిన షోకు మొక్కలకి ఆ టైమ్ దొరకలేదు. అలాగని అన్నీ పీకేయమనట్లేదు, జామచెట్టు ఉంటే హాయిగా ఉంచుకోండి. కొత్తగా కుండీ కొనేటప్పుడు మాత్రం మొదటి చాన్స్ ఇక్కడి మొక్కకి ఇవ్వండి.

అమ్మతో రాజీ ఎలా కుదిరిందంటే, రెండో కరివేపాకు మొక్క తెచ్చా. ఒకటి వంటింటికి, దోమతెర కట్టి. ఇంకొకటి పురుగులకి. తిన్న మొక్క చావలేదు, మళ్లీ చిగురేసింది.

మీరు ట్రై చేస్తారా? తంగేడు గింజల పైతొక్క గట్టిగా ఉంటుంది. వేడినీళ్లలో వేసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున నాటండి. కుండీ ఎండలో పెట్టండి, నీళ్లు నిలవకుండా కింద చిల్లు ఉండాలి. వేప మాత్రం కుండీలో వద్దు, దానికి నేల కావాలి.

ఈసారి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్తే ఆ చింతచెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో ఉన్న మొక్క ఏ దేశం నుంచి వచ్చిందో వెతికి కామెంట్‌లో రాయండి. ఉంటా మరి!