బరాబర్ బాజీలతో పోయిన తఖ్త్

షత్రంజ్ తారీఖ్‌లో ఒక పెద్ద తఖ్త్ పోవడానికి మాత్ కన్నా బరాబర్ బాజీలే ఎక్కువ కారణం.

2000 అక్టోబర్, లండన్. గ్యారీ కాస్పరోవ్ 1985 నుంచీ బాద్షా. ఎదురుగా పాతికేళ్ల వ్లాదిమిర్ క్రామ్నిక్. ఒక రకంగా షాగిర్దే. 1995లో విశ్వనాథన్ ఆనంద్‌తో ముకాబలాకి కాస్పరోవ్‌ని తయారుచేసిన జట్టులో ఇతనూ ఉన్నాడు.

మొదటి బాజీలో సఫేద్ మోహ్రాలు కాస్పరోవ్‌వి. రాజు ముందున్న ప్యాదా, తర్వాత గుర్రం, తర్వాత మనవాళ్లు ఊంట్ అనే బిషప్. ఇది స్పెయిన్ పాద్రీ రూయ్ లోపెజ్ పేరు మీదున్న ఓపెనింగ్. జవాబుగా మూడో ఎత్తులో క్రామ్నిక్ రెండో గుర్రాన్ని కూడా బయటికి తీశాడు. అదే బెర్లిన్ డిఫెన్స్.

ఎనిమిదో ఎత్తుకే ఇద్దరి వజీర్లూ మైదాన్ విడిచారు. తెల్ల వజీర్‌ని నల్ల రాజే స్వయంగా కొట్టాల్సి వచ్చింది. ఇక అతనికి కాసిలింగ్ హక్కు లేదు. పైగా రెండు నల్ల ప్యాదాలు ఒకే వరుసలో ఇరుక్కున్నాయి. పైకి చూస్తే హాలత్ ఖరాబే. కానీ వజీర్లు లేని బిసాత్ మీద రాజుకి ఖత్రా తక్కువ. రెండు ఊంట్లూ నల్లవాడి చేతిలోనే ఉన్నాయి. హమ్లాకి మశ్హూర్ అయిన కాస్పరోవ్‌కి హమ్లా చేసే జాగా దొరకలేదు. 25 ఎత్తుల్లో బాజీ బరాబర్.

రెండో బాజీ క్రామ్నిక్ గెలిచాడు. 3, 9, 13 బాజీల్లో మళ్లీ అదే కిలా, మళ్లీ బరాబర్. పదోది కూడా క్రామ్నిక్‌దే. మొత్తం 15 బాజీల్లో 13 డ్రా. లెక్క 8.5–6.5. కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేదు, తఖ్త్ దిగిపోయాడు.

ఇలా అందరికీ తెలిసిన ఓపెనింగ్ నిలుపును చెస్ దునియా నేటికీ 'తాబియా' అంటుంది. అది అరబీ లఫ్జ్. అబ్బాసీ ఖలీఫాల జమానాలో అల్-అద్లీ, అస్-సూలీ లాంటి ఉస్తాదులు షత్రంజ్ మీద కితాబులు రాశారు. అప్పట్లో ప్యాదా ఒక్కో గడే నడిచేది. వజీర్ కూడా ఒక్క గడే, అదీ మూలకి. అందుకే లడాయికి ముందు ఎవరి లష్కర్‌ని వారు తీరికగా వరుసలో నిలుపుకొనేవారు. ఆ నిలుపే తాబియా. ముందు మోర్చా, తర్వాతే హమ్లా.

క్రామ్నిక్ చేసిందీ అదే. సఫేద్ మోహ్రాలంటే మొదటి ఎత్తు, మొదటి దెబ్బ. ఆ ఫాయిదాని బెర్లిన్ కిలా నాలుగు సార్లు కాస్పరోవ్ చేతిలోంచి లాగేసింది. అందుకే పిల్లలు ఆడి వచ్చి 'బరాబర్' అన్నప్పుడు, 'గెలవలేదా?' అనకండి. 'ఏ రంగు మోహ్రాలతో?' అని అడగండి.