నీటి అడుగున ఊపిరి

మా నూజివీడు మామిడితోటలలో బోర్లు రాకపూర్వము త్రవ్వించిన పాత బావులు అక్కడక్కడ ఇంకను మిగిలి ఉన్నవి. మోటారు ఫుట్‌వాల్వు బురదలో కూరుకొనిపోతే, ఈత బాగుగా వచ్చినవాడొకడు ఊపిరి బిగబట్టి మునుగును. పని సగములో ఉండగానే పైకి తేలును. ఒక వేసవిలో ఇది చూచిన మా విద్యార్థి ఒకడు, “మాస్టారూ, తోటకు నీళ్లు పెట్టే గొట్టము నోట కరచుకొని దిగితే సరిపోదా?” అని అడిగినాడు. దుర్యోధనునికి జలస్తంభన విద్య ఉన్నది, మనకు గొట్టమైనా చాలదా అని వాని ఉద్దేశము.

చాలదు. సరిగదా, ప్రాణాపాయము. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము హెచ్చును. 5 మీటర్ల లోతున రొమ్ముమీద అరచేయంత చోట, అనగా సుమారు 100 చదరపు సెంటీమీటర్లలో, 50 కిలోల బరువు అదనముగా నొక్కుచుండును. గొట్టములోని గాలికి మాత్రము గట్టుమీది పీడనమే గదా! ఆ బరువును ఎత్తి రొమ్మును విప్పారజేయు శక్తి మన కండరములకు లేదు. కనుక ఏ లోతున ఉంటే ఆ లోతు నీటి పీడనముతోనే గాలి నోటికి అందవలెను. తక్కువైతే పీల్చలేము, ఎక్కువైతే గాలి వృథాగా పోవును.

ఈ పనిని యంత్రముచేత చేయించిన తొలివారిలో ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు బెన్వా రూకెరోల్ ముఖ్యుడు. ఆయన 1860లో ఒక నియంత్రకమును గనులలో వాడుటకై రూపొందించగా, ఓగ్యుస్త్ దెనెరూజ్ అను నౌకాదళాధికారి తోడ్పాటుతో 1864 నాటికి అది నీటిలోనికి దిగినది. జూల్ వెర్న్ తన సముద్రగర్భ నవలలో వర్ణించినది దీనినే. ఊహ సరియైనదే, కాని నాటి ఇనుపతొట్టి అధిక పీడనమునకు ఓర్వలేదు, గాలి కొంచెమే పట్టెడిది. పైనుండి పంపుతో గాలి కొట్టక తప్పలేదు. 1933లో ఈవ్ ల ప్రియర్ అధిక పీడనపు సీసాను వాడినాడు గాని, కవాటమును చేతితో త్రిప్పుకొనవలసి వచ్చినది. ఊపిరి వదలునప్పుడు కూడ గాలి కారిపోవుచునే ఉండెను.

తరువాతి మలుపు విచిత్రమైనది. యుద్ధకాలములో ఫ్రాన్సులో పెట్రోలు కరవై, కార్లను వాయువుతో నడుపుచుండిరి. ఇంజనుకు కావలసినంత వాయువునే అందించు కవాటమును ఎమీల్ గాన్యాఁ అను ఇంజనీరు తయారుచేసినాడు. 1942 డిసెంబరులో నౌకాదళాధికారి జాక్ కూస్తో పారిస్‌లో ఆయనను కలిసి, నీటిలో ఊపిరికి ఇటువంటిది కావలెనని కోరినాడు.

దీని అంతర్యము తెలియుటకు మన వంటింటి గ్యాసు రెగ్యులేటరు చాలును. అందులో ఒక రబ్బరు పొర కలదు. పొరకు ఒక ప్రక్క గ్యాసు. రెండవ ప్రక్క స్ప్రింగు, చిన్న రంధ్రముగుండా వచ్చు బయటి గాలి. గ్యాసు పీడనము తగ్గితే పొర వంగి కవాటమును తెరచును, పెరిగితే మూయును. ఇక ఆ రంధ్రమువద్ద గాలికి బదులు సముద్రపు నీరు ఉన్నదనుకొనుడు! లోతు పెరిగినకొలది నీరే పొరను నొక్కి, ఆ లోతునకు తగిన పీడనము వచ్చువరకు గాలిని లోపలికి రప్పించును. పీల్చినపుడు లోపలి పీడనము కొద్దిగా తగ్గి కవాటము తెరచుకొనును, వదలినపుడు మూసికొనును.

1943 జనవరిలో దీనిని మార్న్ నదిలో పరీక్షించినారు. కూస్తో బల్లపరుపుగా ఈదినపుడు చక్కగా పనిచేసినది. నిటారుగా నిలబడగానే గాలి బుసబుస పోయినది. తలక్రిందులైతే ఊపిరి ఆడలేదు. కారణము? పొరకును, ఊపిరి బయటికి పోవు మార్గమునకును నడుమ సుమారు 15 సెంటీమీటర్ల దూరము! నిలబడినపుడు ఆ మార్గము పైకి, తక్కువ పీడనమునకు, పోవుచున్నది. జానెడు నీటి వ్యత్యాసము యంత్రమును పాడుచేసినది. రెండింటిని ఒకేచోట అమర్చగానే దోషము తీరినది. ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము ఇదియే. ఆ ఏడే అక్టోబరులో వారి మిత్రుడు ఫ్రెడెరిక్ ద్యూమా 60 మీటర్లకు మించి దిగినాడు.

ఇక సిలిండరు సంగతి. 200 వాతావరణాలనుండి నోటి పీడనమునకు రెండు మెట్లలో దింపుదురు. 1952లో మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ ఆ మెట్లను విడదీసి, ఒకటి సిలిండరు మెడవద్ద, ఒకటి నోటివద్ద ఉంచినాడు. నేటి పద్ధతి అదే. మొదటి మెట్టులో చిక్కున్నది. కవాటపు సందు వ్యాసము 4 మిల్లీమీటర్లనుకొంటే, నిండు సిలిండరు దానిమీద 25 కిలోల బలము చూపును; 50 వాతావరణాలకు తగ్గినపుడు 6 కిలోలే. స్ప్రింగు మారదు, బలము మారును; కనుక గాలి తగ్గినకొలది ఊపిరి బరువెక్కును. సమతుల కవాటములో సిలిండరు పీడనము తెరచు వైపునకు ఎంత నెట్టునో మూయు వైపునకును అంతే నెట్టునట్లు అమర్చుదురు. ఊపిరి తుదివరకు తేలికయే. కాని పాతరకములో ఊపిరి బరువెక్కుటే హెచ్చరిక! ఆ హెచ్చరిక పోయినందున మాపకమును చూచుచుండవలసినదే. 12 లీటర్ల సిలిండరులోని 2,400 లీటర్ల గాలి, నిమిషమునకు 20 లీటర్ల చొప్పున, గట్టుమీద 2 గంటలు వచ్చును. 30 మీటర్ల లోతున పీడనము నాలుగింతలు గనుక అరగంటయే.

మన తీరమున ఈ విద్యకు విశాఖపట్నము నెలవు. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి రేవు వెలుపల మునిగిన జలాంతర్గామి పాకిస్తాను వారి ఘాజీయేనని నిర్ధారించినవారు నౌకాదళపు గజ ఈతగాళ్లు. నాడు వారు పనిచేసిన నిస్తార్ నౌక పేరునే, విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో నిర్మితమై 2025 జూలై 18న నౌకాదళములో చేరిన క్రొత్త నౌకకు పెట్టినారు.

మా విద్యార్థికి పాత గ్యాసు రెగ్యులేటరు ఒకటి విప్పి చూపినాను. పొరను వ్రేలితో నొక్కి, కవాటము తెరచుకొనుటను వాడు పదిసార్లు చూచినాడు. బావిలోని ఫుట్‌వాల్వును మాత్రము, మరియొక ఇంజను తెచ్చి నీరు తోడించి, తాడు కట్టి పైకి లాగినారు.